రెండు అద్దాలు

పట్నంబజారు షాపులో నల్ల టైల్సు చూసి మోజుపడ్డాను.
ఖాజావలి ఒప్పుకోలేదు:
"మన బోరు నీళ్ళకి నలుపు ఆగదమ్మా,
నెల తిరిగేసరికి విభూతి పూసుకుంటుంది."
సరే, మామిడి పిందె రంగు.

పిల్లలిద్దరికీ, వచ్చేపోయేవాళ్ళందరికీ
కొరిటెపాడు ఇంట్లో ఇదొక్కటే.
మా చుట్టాలంటే మిర్చి యార్డు చుట్టాలే,
టిక్కీలు దించేసి
తుమ్ముకుంటూ తెల్లారకుండా దిగేవాళ్ళు.
వాళ్ళ కోసం గుమ్మం బయటే ఒక కుళాయి.
ముందు చేతులు, తర్వాతే గొళ్ళెం.
కిందటేడు ఎవరిదో కారం తువ్వాలుతో
లాస్య కళ్ళు తుడుచుకుంటే
ఆ కేకలు నాలుగో లైను దాకా వినపడ్డాయి.

అందుకే కొక్కేలు ఆరు.
అద్దాలు మాత్రం రెండు,
ఒకటి అందరికీ,
ఒకటి నా నడుముకి కాస్త కింద.
"ఇదెవరికి, పిల్లికా?" నవ్వాడు ఖాజావలి
సిమెంటు చేత్తోనే మీసం తుడుచుకుంటూ.

మొదట వచ్చింది క్రోసూరు శేషారత్నం పిన్ని.
మోకాళ్ళ నొప్పులు,
పీట మీద కూర్చునే పోసుకుంటుంది.
బయట స్కూలు ఆటో హారను,
బ్రష్షు నోట్లో పెట్టుకుని లాస్య గంతులు.
తలుపు తట్టాను.
"ఉండవే!
భుజం వెనక పుట్టుమచ్చ ఉందని మీ బాబాయి అంటే
ఉత్తుత్తికే అనుకున్నా ఇన్నేళ్ళూ."

పిన్ని వెళ్ళి పది రోజులు.
కింది అద్దంలో ఒక ఎర్ర బొట్టుబిళ్ళ.
తుడవబోతే లాస్య ఒప్పుకోదు.
రోజూ ఎదురుగా నిలబడి
కాస్త వంగి, కాస్త జరిగి
నుదురు సరిగ్గా దాని కిందికి తెచ్చుకుంటుంది.
ఆటో హారను కొడుతూనే ఉంటుంది.