సుద్దముక్క లెక్క

బద్రి లాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రాము
మా సొసైటీ గదిలోని పాత కంప్యూటర్లో నడవలేదు.
"నా దగ్గర బాగానే ఉందిగా" అన్నాడు,
కూర మాడ్చినవాడు ఉప్పు సరిపోయిందిగా అన్నట్టు.

బయట ట్రాక్టర్లు. ఇమెరెతీ కొండల మీద అక్టోబరు.
ఎవరి తోట నుంచి ఎన్ని కిలోల ద్రాక్ష దిగిందో
గట్టిగా చదివి రాసుకోవాలి నేను, నతేలాని,
పదిహేనేళ్లు బడిలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని.

కుతాయిసీ నుంచి ఫోన్లో మ్జియా చెప్పింది:
దానికి కావలసిన సరంజామా అంతా
ఒకే కంటైనర్లో సర్దెయ్.
ఎవరింటికెళ్లినా తన వంట తనే వండుకుంటుంది.

ఏడు లైన్ల ఫైలు.
మొదటి లైన్లో, దేని మీద నిలబడాలో.
చివరి లైన్లో, లేవగానే ఏం చేయాలో.
మధ్యలో ఒక చుక్క మరిచి గంటన్నర పోగొట్టుకున్నాను.
ఇమేజ్ తయారైంది. రన్ అన్నాను. లేచింది.
బ్రౌజర్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.
"పోర్టు తెరిచావా?" అంది మ్జియా.
లోపల దీపం పెట్టుకుని గడియ వేసుకుంది పాపం!
ఎనభై ఎనభైకి దారి ఇచ్చాను.
ఊళ్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చి తెర మీద కూర్చున్నాయి.

మూడు రోజులు రాజ్యమేలాను.
నాలుగో రోజు చిన్న మార్పు, గ్రాములకి ఒక గడి.
పాత కంటైనర్ తీసేసి కొత్తది నిలబెట్టాను.
నిలబడింది.
తళతళలాడుతూ, ఖాళీగా.

మా పెరట్లో మట్టి క్వెవ్రీలు మెడ దాకా భూమిలో ఉంటాయి.
ముత్తాత నాటివి. పోసింది పోసినట్టే ఉంటుంది.
ఆ నమ్మకంతోనే దీన్నీ నమ్మాను.
ఇది వేరే జాతి పాత్ర,
పోతూ పోతూ కడుపులోదంతా పట్టుకుపోతుంది.
దాచుకోవాల్సింది బయట, వాల్యూమ్‌లో దాచాలట.
ఆ మాట పాఠం రెండో పేజీలో ఉంది.
నేను మొదటి పేజీకే పండగ చేసుకున్నాను.

వర్లామ్ ఏమీ అనలేదు.
తూకం బల్లకి ఎదురుగా ఉన్న తన సారాకొట్టుకి తీసుకెళ్లాడు.
తలుపు నిండా సుద్దగీతలు.
నేను చదివిన ప్రతి తూకం, మూడు రోజులవీ.
"నీ మీద అనుమానం కాదమ్మా, అలవాటు."

ఆ రాత్రి వాల్యూమ్ తగిలించి, ఫోటో చూస్తూ అన్నీ ఎక్కించాను.
కావాలనే రెండుసార్లు కంటైనర్ని చంపి చూశాను.
అంకెలు చెక్కుచెదరలేదు.

ఒక్కచోటే ఆగాను. జల్లు తగిలి చెదిరిన అంకె.
రెండు వందల పద్నాలుగా, డెబ్బైనాలుగా?
వర్లామ్ సొంత ద్రాక్షే అది.
ఫోన్ చేశాను.
"తక్కువది రాయి" అన్నాడు నిద్రమత్తులో,
పెట్టేశాడు.