సారువ

హెబ్బాళ దాటాక, మా ల్యాబు వెనక కొత్త బిల్డింగు లేస్తోంది.
నాలుగో అంతస్తు కిటికీకి ఎదురుగా
తుప్పు పట్టిన ఇనప గొట్టాల సారువ.
దాని మీద బాలపీరు, నారాయణపేట మనిషి,
బీడీ ఆర్పుతూ అడిగాడొకసారి:
"అక్కా, రాత్రి పొద్దుపోయేదాంక ఆ ఐసుతోని ఏం పని?"

ఎలకల మెదడు, అన్నాను.
నవ్వాడు. నేనూ నవ్వాను.
నిజానికి నా పని అంతకంటే చాలా చిన్నది.
న్యూరాన్ కొమ్మ మీద ముల్లులా మొలిచిన బుడిపె,
ఆ బుడిపెలో, పొరకి సరిగ్గా కింద
కనిపెట్టుకుని ఉండే ఒక ప్రొటీను.
తనంతట తను ఏ పనీ చెయ్యదు.
కొయ్యదు, అతికించదు.
ఊరికే పట్టుకుని ఉంటుంది:
ఒక చేత్తో ఫాస్ఫేటు తగిలించే ఎంజైముని,
ఇంకో చేత్తో దాన్ని ఊడబెరికే ఎంజైముని.

మూడేళ్ళు నాకు మింగుడుపడనిది ఇదే.
పెట్టేవాణ్ణీ తీసేవాణ్ణీ
ఒకే పలక మీద కూర్చోబెట్టడమేమిటి?

నాలుగువందల పదిహేడో నంబరు ఎలక.
ఆ ప్రొటీనులో ఏడంటే ఏడు అమైనో ఆమ్లాలు లేకుండా పుట్టింది.
ఊడబెరికేవాడికి కూర్చునే చోటు లేదు.
వాడు కణంలోనే ఉన్నాడు, దిట్టంగానే ఉన్నాడు,
పని జరిగే చోట లేడు, అంతే.

నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న తిన్నెని
ఇవతలి మూలకి మార్చాం.
అది పాత మూలకే ఈదింది.
మళ్ళీ పాత మూలకే.
లేని తిన్నె చుట్టూ తిరుగుతుంటే
మాలతేశ్ స్టాప్‌వాచీ నొక్కడం మర్చిపోయాడు.
తువ్వాలులో చుట్టి పైకి తీశాను.
గుండె నా వేళ్ళకి టకటకా తగులుతోంది.
గది మారి రెండు నెలలైనా
ఇప్పటికీ ఒక్కోరోజు యలహంక బస్సెక్కేస్తాను.
దాన్ని వెక్కిరించే మొహం కాదు నాది.

ఆ సాయంత్రం సారువ మీద ఇద్దరు, భుజం భుజం రాసుకుంటూ.
ఒకడు గోడకి పుట్టీ పెడుతున్నాడు,
పక్కవాడు రేకుతో గీకేస్తున్నాడు.
ఇద్దరెందుకు, వాడి వెనక వీడు రేపొస్తే చాలదా, అన్నాను.
"పచ్చిగ ఉన్నప్పుడే గీకాల అక్కా," అన్నాడు బాలపీరు.
"కిందికి దిగి వాన్ని పిల్చుకొచ్చేదాంక గోడ ఆగుతదా?
రాయైపోతది."

చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

చీకటి గదిలో ఫిల్ము కడిగాను.
తీగ లాగితే డొంకంతా కదలాలి కదా,
సారువని పట్టి లాగితే చేతుల్లో వాళ్ళూ రావాలి.
మామూలు ఎలకల వరసల్లో వచ్చారు,
నల్లటి గీతలై, ఇద్దరూ.
నాలుగో వరసలో ఒక్కడే.
వాడి కింద, ఇంకొకడు ఉండాల్సిన చోట,
ఉతికిన పంచెలాంటి తెలుపు.

స్కేలు పెట్టి ఆ తెలుపు కొలిచాను.
కొలవడానికేముందని మాలతేశ్ అడగలేదు.
బయట తెల్లారకముందే గొట్టాలు విప్పుతున్నారు,
ఖంగుఖంగున, కన్నడంలో, తెలుగులో కేకలేసుకుంటూ.
గోడ తన కాళ్ళ మీద నిలబడింది.
నా బుడిపెలో సారువ మాత్రం
ఎవరూ విప్పరు.
బాలపీరు వైట్‌ఫీల్డు పోతున్నాడట,
చెయ్యూపి వెళ్ళాడు.