ఏడో పాఠం, ఎనిమిదో పాఠం

కంచరపాలెంలో పంక్చర్ షాపు పైన అద్దె గది.
మెట్లకి రెయిలింగు లేదు.
రాత్రి ఎనిమిదింటికి మొదలెడతాను,
అందరూ వచ్చేసరికి ఎనిమిదిన్నర.

పుస్తకంలో ఏడో పాఠం మోటార్ రేసింగ్.
'సర్క్యూట్' అన్న మాటలో
యు, ఐ పక్కపక్కన ఎందుకు కూర్చున్నాయో
ముప్పయ్యేళ్లు పోర్టులో బిల్లులు రాసిన నాకూ తెలీదు.
పలకని అక్షరాలు కూడా మాటని మోస్తాయని
ఏదో చెప్పి తప్పించుకున్నాను.

తవిటయ్య వేలి గ్రీజు మరక
వాక్యం వెంట నడుస్తోంది:
నాలుగు చక్రాలు, రెండు సెకన్లు,
మళ్ళీ రోడ్డు మీద కారు.
చదవడం ఆపి నవ్వాడు.
"రెండు సెకన్లేటి సారూ,
నట్టు తుప్పట్టిందని తెలీడానికే నాకు పావుగంట."
తర్వాత నవ్వు లేకుండా అన్నాడు,
శనివారం రాత్రుళ్లు బీచ్ రోడ్డులో
పందాలకెళ్లే గుంటలకి
సైలెన్సర్లు విప్పి ఇచ్చింది తనేనని.
తెన్నేటి పార్కు మలుపు నుంచి
ఒక బండి షాపుకి తిరిగొచ్చింది, ట్రాలీ ఆటోలో.
"హ్యాండిలు సరిచేసి ఇమ్మన్నారు. ఇచ్చీసాను.
నడిపినోడి గురించి అడగలేదు సారూ."
కొత్త మాటల కింద గీతలు గీయమన్నాను.
'స్పీడ్' కింద అతను గీయలేదు.

ఎనిమిదో పాఠం ఆన్‌లైన్ నేరాలు.
మధ్యలో నమూనాకి ఒక మెసేజ్, చుట్టూ పెట్టె కట్టి అచ్చేశారు.
ఎవరు చదువుతారన్నాను.
లోవరాజు లేచాడు.
వాడు చేరి మూడు వారాలు.
'గో'కీ 'వెంట్'కీ తేడా ఇంకా చిక్కలేదు,
'ఐ' తర్వాత ఏం రావాలో ప్రతిసారీ తడుముకుంటాడు.
అలాంటివాడు ఆ పెట్టెలోది చదివాడు చూడండి,
డియర్ కస్టమర్ దగ్గర ఎత్తుకుని
మీ ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది దాకా
ఒకే గుక్కలో,
మెత్తబడాల్సిన చోట మెత్తబడి
తరమాల్సిన చోట తరుముతూ.
పుస్తకంలో లేనిది కూడా ఒకటి కలిపాడు:
మేడమ్, ప్లీజ్ డోంట్ వర్రీ.

ఫ్యాను చప్పుడు.

నూకరత్నం చేపలరేవు నుంచి నేరుగా వస్తుంది.
ఎవరూ చెప్పకుండానే
కిటికీ పక్కన కూర్చుంటుంది.
ఐసుకీ చీటీకీ దాచిన ఇరవై రెండు వేలు
పోయినేడు ఒక్క ఫోన్లో పోయాయి.
వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క 'ఎస్సు',
అదే అందట, నాలుగుసార్లు.
"ఇదే గొంతు" అంది ఇప్పుడు.
"నీది కాదు బాబూ. కానీ ఇదే గొంతు."

లోవరాజు పుస్తకం మూయలేదు.
డేటా ఎంట్రీ పనని విమానం ఎక్కించారట.
సముద్రం అవతల ఊరు,
దాని పేరు రాయడం ఇప్పటికీ రాదు.
కిటికీలకి మేకులు. పాస్‌పోర్టు ఎవరి సొరుగులోనో.
రోజుకి పద్నాలుగు గంటలు ఇలాంటి కాగితమే.
గొంతు వణికితే ఆ పూట కూడు లేదు.
"నాకు ఇంగ్లీషు నేర్పింది ఆళ్లే సారూ,
ఈ ఒక్క పేజీ వరకే.
ఎవుల దగ్గర ఎంత లాగానో ఆళ్లు రాసుకున్నారు.
నాకు ఏడుపులే గుర్తున్నాయి."

పాఠం చివర ప్రశ్నలున్నాయి.
మూడోది: బాధితురాలు ఏం చేసి ఉండాల్సింది?
జవాబుకి రెండు ఖాళీ గీతలు.
నా దగ్గరున్న జవాబుల పేజీలో ఒక వాక్యం ఉంది.
బయటికి చదవలేదు.
తవిటయ్య తన నీళ్ల సీసా వాడి వైపు జరిపాడు.

నూకరత్నం కిటికీ వదిలి
ముందు బల్లకి వచ్చి కూర్చుంది, చేపల వాసనతో సహా.
"మళ్ళీ చదువు. మెల్లగా.
నానెక్కడ బ్రేకు ఎయ్యాల్సిందో ఇంటాను."

అప్పుడే గూడ్సు వచ్చింది
ముడి ఇనుము నింపుకుని, పోర్టుకి.
గది, బల్లలు, గోడ మీది అక్షరాల చార్టు
అన్నీ వణుకుతున్నాయి.
యాభై ఎనిమిది వ్యాగన్లు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
'డియర్' మీద వేలు పెట్టి
లోవరాజు ఆగి ఉన్నాడు.