ఇతర కారణాలు

పదిహేడో ప్రశ్న:
కాన్పుకి ఆలస్యంగా ఎందుకు వచ్చారు?
దాని కింద ఐదు గడులు.
డబ్బు లేక. భర్త ఒప్పుకోక. భయం వల్ల. తెలియక.
ఐదోది అట్టడుగున, వేలెడంత చోటు:
ఇతర కారణాలు.

ఆ ఐదోదాన్ని పట్టుబట్టి నేనే పెట్టించాను.
లుసాకాలో ప్రొఫెసర్ కసోండె నవ్వాడు,
"అందులో చెత్త పడుతుంది, ముంబా" అని.
పడనివ్వండి అన్నాను.
ఇంట్లో ఏం పోయిందో ఊడ్చేవాళ్ళకే తెలుస్తుంది.

బాంగ్వెయులు సరస్సు చిత్తడుల్లో నాలుగు నెలలు
దోనెలో నీళ్ళు తోడుకుంటూ,
కాగితాల కట్ట నెత్తిన పెట్టుకుని తిరిగాను.
రెండువందల పద్నాలుగు మంది తల్లులు.
కొందరు చేపలు ఎండబెడుతూనే చెప్పారు.
ఒకామె బిడ్డని నా ఒళ్ళో పడేసి
కర్రపెండలం దంచుతూ చెప్పింది.
ఒకామె ఏమీ చెప్పలేదు.
ఎనభై ఏడో నంబరు.
ఆమె గుడిసె ముందు చాలాసేపు కూర్చున్నాను, నేనూ ఏమీ అడగలేదు.
ఫారం ఖాళీగానే తిరిగొచ్చింది.
మా లెక్కల భాషలో దాన్ని "వివరం లేదు" అంటారు.

"తెలియక" అన్న గడిలో పడ్డవి తొమ్మిదే.
ఆ గడిని నమ్ముకునే అప్పటికి
నలభై వేల గోడపత్రికలు అచ్చయ్యాయి.
తళతళలాడే పళ్ళతో ఒక గర్భిణి, "త్వరగా రండి" అంటూ.
దీవుల్లో వాటిలో ఎండుచేపలు పొట్లం కడుతున్నారు.

ఐదో గడిలో మాత్రం
అక్షరాలు గీత దాటి, అంచు దాటి
కాగితం వెనక్కి పాకాయి.
పడవ ఉంది, పెట్రోలు లేదు.
పెట్రోలు ఉంది, చీటీ లేదు.
చీటీ ఉంది, దాని మీద సంతకం లేదు.
సంతకం పెట్టే ఆయన అవతలి ఒడ్డున ఉంటాడు.
అక్కడికి పోవాలంటే పడవ కావాలి.

నూట ముప్ఫై ఒక్క మంది
తలా ఒక తీరులో చెప్పిన ఒకే మాట.
లాంతరు దగ్గర లెక్క కడుతుంటే
మొదట నాకు నవ్వొచ్చింది.
తర్వాత లెక్కంతా మళ్ళీ మొదటినుంచి చేశాను,
నవ్వినందుకు.

నివేదిక నూట నలభై పేజీలు.
మంత్రిత్వశాఖలో రెండు చాలన్నారు.
రెండూ ఒకటయ్యాయి, ఆ ఒకటీ ఒక్క వాక్యమైంది,
ఎసరు మరిగి మరిగి గిన్నె అడుగు కనిపించినట్టు.
ముందు పట్టికలు పోయాయి, తర్వాత పేర్లు,
ఎండుచేపల వాసన పోయింది,
ఎనభై ఏడు పోయింది.

ఉప కార్యదర్శి సియాచితేమకి ఉన్నవి పదకొండు నిమిషాలు.
అందులో నాలుగు ఫోను తినేసింది.
కళ్ళజోడు పైకెత్తి వాక్యం చదివింది.
"ఇంతేనా?"
"ఇంతేనండి."
"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"
చెప్పారు, మీరిచ్చిన గడుల్లో పట్టలేదు.
నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను.
పని అయ్యే పూట నోరు పారేసుకోకూడదు.

సర్క్యులర్‌తో పాటే వానలూ వచ్చాయి.
ఇకమీదట చీటీ మీద నర్సు సంతకం చెల్లుతుంది.
నర్సు ముకుపా దాన్ని రెండుసార్లు చదివి,
జేబులోంచి పెన్ను తీసి
అరచేతి మీద గీసి చూసుకుంది,
సిరా ఉందో లేదో అని.

ఈ మార్చిలో మళ్ళీ వెళ్ళాను.
రిజిస్టరులో "వచ్చిన వేళ" అన్న వరసలో
రాత్రి పదిన్నర, రాత్రి రెండు, తెల్లారగట్ల నాలుగు.
చీకట్లో పడవలు నడుస్తున్నాయన్నమాట.
నెలాఖరు వారం మాత్రం ఆ వరస బోసిగా ఉంది.
పెట్రోలు కోటా ఇరవై రెండో తేదీకే అయిపోతుందట.
దానికి ఎవరి సంతకమూ చాలదు.

కొత్త ప్రశ్నపత్రం రాస్తున్నాను.
ఇతర కారణాలకి ఈసారి సగం పేజీ వదిలాను.
కసోండె నవ్వలేదు.

ఎనభై ఏడో గుమ్మానికి ఫారం లేకుండా వెళ్ళాను.
అడక్కుండానే చెప్పింది.
పడవ సంగతి కాదు, చీటీ సంగతి కాదు,
ఆ బిడ్డకి పెట్టాలనుకున్న పేరు.

అలవాటుగా నా చెయ్యి పెన్ను కోసం కదిలింది.
ఆపాను.