కరుగుడు

కింద మోటారు వైండింగు షాపు.
పైన మేము.
వార్నిషు వాసన మెట్లెక్కి వచ్చి
కీబోర్డు సందుల్లో కూర్చుంటుంది.
పాలకొల్లులో సాఫ్ట్‌వేరు కంపెనీ అంటే
చంకలో ప్రింటరు పెట్టుకుని వస్తారు,
బాగుచేస్తారా అని.
చేస్తాం. కాదని ఎలా అంటాం.
నలభై ముగ్గురు ఖాతాదార్లు,
ముగ్గురం మనుషులం,
పొట్ట ఉబ్బిన యూపీయస్ బ్యాటరీ ఒకటి.

ఈ ఏడు ఇంకొకటేదైనా తయారుచెయ్యాలి.
మేత కొట్ల బిల్లింగు ఒక్కదాని మీద
ఇస్సాకు జీతం ఆషాఢం దాటదు.
పాత క్యాలెండరు వెనక
స్కెచ్ పెన్నుతో రాసుకున్నాం:
చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఫోను మోగించేది,
రాశిని ఫొటో తీస్తే కొబ్బరికాయలు లెక్కపెట్టేది,
నరసాపురం లేసు కూలీ పద్దులు చూసేది,
ఇంకొకటి నాగమల్లి రాసింది,
టీ ఒలికి అక్షరాలు అలుక్కుపోయాయి,
తనకీ గుర్తులేదు.
బహుశా అదే మంచిదేమో.

రొయ్యకైతే కాటా ఉంది.
కిలోకి ముప్ఫై తూగితే ఒక ధర, వంద తూగితే ఒక ధర.
తెల్లమచ్చ కనిపిస్తే పెరగకుండానే పట్టేస్తారు,
రాత్రికి రాత్రి, లైట్లు పెట్టి.
ఆలోచనని ఏ గట్టు మీద తూచను?
ఇప్పుడే పట్టెయ్యాలా,
ఇంకో నెల మేత వెయ్యాలా?

అడిగాను. ఊరూరా తిరిగి అడిగాను,
స్కూటీ మీద, లాప్‌టాపు వీపున కట్టుకుని.
"ఇలాంటిది చేస్తే కొంటారాండీ?"
"ఆయ్. చాలా బాగుంటాదండి."
వీరవాసరంలో ఆయ్.
మొగల్తూరులో ఆయ్.
ఆచంటలో ఆయ్‌తో పాటు కొబ్బరిబొండం.
మార్టేరులో అన్నం తిని వెళ్ళమన్నారు.
ధర చెప్పగానే
కాలవకి నీళ్ళు ఎప్పుడొదుల్తారో మాట్లాడారు.

రెండేళ్ళు పట్టింది నాకు.
మా వైపు ఆయ్ అంటే విన్నామని.
కొంటామని కాదు.
ఎండనపడి వచ్చిన ఆడమనిషిని
చిన్నబుచ్చకూడదని.
అంత మర్యాదని నమ్మి
ఎన్ని నెలల కోడు రాసి పారేశానో.

తిట్టినవాడు ఒక్కడే.
భీమవరం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ గుమస్తా, బుల్లెబ్బాయి.
"ఏం సాఫ్ట్‌వేరండీ మీది!
నూట ఇరవై దిమ్మలు ఎక్కిస్తే
దిగేటప్పుడూ నూట ఇరవయ్యే అంటాది.
ఐసండీ అది, ఇటికలు కాదు."
సొరుగులోంచి నోటుబుక్కు తీసి
బల్ల మీద పడేశాడు,
దారంతో కట్టిన పెన్సిలు దానికే వేలాడుతోంది.
తొమ్మిదేళ్ళ లెక్క.
ప్రతి పేజీలో చివరి గడి మీద
గుండ్రటి చేత్తో: కరుగుడు.
వైశాఖంలో పన్నెండు. ముసురులో మూడు.
రేవులో పంటు ఆలస్యమైతే ఇరవై,
పక్కన డ్రైవరు పేరు.

మా తెర మీద ఆ గడి లేదు.
మా దాంట్లో ఏదీ కరగదు.

"రెండ్రోజుల పనండీ" అన్నాడు ఇస్సాకు.
"ఇదేం కొత్త సరుకు? దీనికెవడిస్తాడు డబ్బులు?"
నాగమల్లి గోరు కొరుక్కుంటూ అంది:
"ధాన్యానికి తేమ, కొబ్బరికి ఎండు,
రొయ్యకి నీరు. తరుగు లేందేవుంది మేడం?
అందరూ దాన్ని వేరే పుస్తకంలోనే రాసుకుంటారు.
మా నాన్న కూడా."

నా గుండె ఒక్క గంతు వేసింది.
"ఆయ్, చాలా బాగుంది" అన్నాను.

అని, నా మాట నాకే వినబడి
ఆగిపోయాను.

కింద ఎవరిదో మోటారు బాగైనట్టుంది,
ఒకసారి గుర్రుమని ఆగింది, మళ్ళీ తిరిగింది.
క్యాలెండరు కొట్టెయ్యలేదు. కొత్తదీ రాయలేదు.
రేపు పొద్దున్నే బుల్లెబ్బాయి దగ్గరికి వెళ్ళి
ముందు ధర చెప్తాను,
చెప్పి, నోరు మూసుకుని కూర్చుంటాను.
తిట్టాడా, బేరమాడతాను.
కాలవ నీళ్ళ సంగతి ఎత్తాడా,
టీ తాగి వచ్చేస్తాను.