అరవై మాటల్లో

ఒక్కో ఆల్బమ్‌కి అరవై మాటలు.
అరవై ఒకటోది కనిపిస్తే కస్తూరి మేడం కత్తెర తీస్తుంది.
చుక్కలు మాత్రం నా ఇష్టం, ఐదులోపు.
నేను పిసినారిని. నాలుగు దాటి ఇచ్చింది ఒక్కసారే,
అదీ జ్వరంలో.

శుక్రవారం రాత్రి మెట్టుగూడలో చివరి మెట్రో దిగి
మూసేసిన టిఫిన్ సెంటర్ మెట్ల మీద కూచుని వింటాను.
గదిలో అన్నీ బాగానే వినిపిస్తాయి.
వాటర్ ట్యాంకర్ పక్కనుంచి పోయినా
పాట నిలబడిందా, లేదా? అంతే నా శాస్త్రం.

ఈ వారం మొదటిది 'గాజు అంతస్తు'.
గచ్చిబౌలి కుర్రాళ్లు ఐదుగురు, ఐదుగురికీ ఖరీదైన గిటార్లు.
తొమ్మిది పాటల నిండా ఒంటరితనం,
సెంట్రల్ ఏసీలో నిలవ పెట్టింది,
ఎక్కడా చెమట మరక లేదు.
నాలుగో పాటలో పాడే అబ్బాయి ఒకసారి దగ్గాడు.
మొత్తం మీద నేను నమ్మింది ఆ దగ్గుని.
రెండు చుక్కలు. ఒకటి దగ్గుకి.

'పాత బకాయిలు' నాలుగేళ్లకి మళ్లీ వచ్చారు,
అప్పు తీర్చడానికొచ్చినవాడిలా తల వంచుకుని.
నవనీత గొంతు బొంగురుపోయింది. మంచిదైంది.
ఇదివరకు ఆమె 'నువ్వు' అంటే అందంగా ఉండేది,
ఇప్పుడు 'నువ్వు' అంటే వింటున్నవాడు వెనక్కి చూస్తాడు.
బాస్ వాయించే ఫర్హాన్ మాత్రం ఇంకా
ఆబిడ్స్‌లో పార్కింగ్ వెతుకుతున్నట్టే తిరుగుతున్నాడు.
మూడున్నర.

సైనిక్‌పురి ముగ్గురు మంచు గురించి పాడారు.
మొన్న ఏప్రిల్‌లో మనకి వడగళ్లు పడ్డాయి,
కార్ల అద్దాలు పగిలాయి, వాళ్లు చూడలేదా?
ఒకటి.

ఇక 'నల్లా టైం'.
తెల్లారుజామున నాలుగింటికి నీళ్లొచ్చే బస్తీలో
బిందెల వరసలో నిలబడ్డవాళ్లకే తట్టే పేరు.
ఏడు పాటలు, ఇరవై రెండు నిమిషాలు.
మాటలు మంచివి, గిటార్‌కి ఆకలుంది.
ఇంకా పదకొండు మాటలు మిగిలాయని ఇలా రాశాను:
'డ్రమ్స్ రేకుల షెడ్డు మీద వానలా ఉన్నాయి.
ఎవరైనా ఆ పిల్లని ఆపాలి.'
రెండు చుక్కలు. అచ్చయింది.

మంగళవారం ఫోన్.
"జెరూషా అమ్మను సార్. గాంధీ దవాఖానల ఆయాను.
గది రాసింది మీరేనా?"
అది కేవలం నా అభిప్రాయమమ్మా అనబోయాను,
ఇలాంటప్పుడు అనడానికి దాచుకున్న వాక్యం.
"గట్ల కాదు సార్. మీకెట్ల తెలిసింది?
రేకుల షెడ్డే మాది, చిలకలగూడల, మిద్దె మీద.
ఆ దినం వానే పడ్డది.
పోరి ఆపుతా అన్నది. నేనే కొట్టు బిడ్డా అన్న.
మిషను కిరాయికి తెచ్చిండ్రు, పొద్దుమీకి ఇచ్చెయ్యాలె.
నాకైతే ఏది వానో ఏది నా బిడ్డో ఎరుకే.
మీకు గూడ ఎరుకైందంటే..."
వెనక ఎవరో పిలిచారు. డ్యూటీ అంది. పెట్టేసింది.

ఆ రాత్రి అవే మెట్ల మీద, అదే ఆల్బమ్.
ఐదో పాట మధ్యలో వాన వెలిసిపోయింది.
జెరూషా చూసుకోలేదు.
కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన గదిలో
ఒక్కరి గొంతే పెద్దగా మిగిలినట్టు
రెండు దెబ్బలు, బోడిగా, ఆకాశం లేకుండా.
మూడోది మెల్లగా వేసింది.
ఆ మెల్లన కోసం ట్యాంకర్ని చెయ్యెత్తి ఆపబోయాను.

ఏడాది చివర జాబితాకి పాత సమీక్షలు మళ్లీ కావాలంది మేడం.
'ఆపాలి' అన్న వాక్యం కొట్టేశాను.
ముందు దాంట్లో 'లా' ఒక్కటి తీసేశాను.
డ్రమ్స్, రేకుల షెడ్డు మీద వాన.
అంతకంటే నిజం నేనెప్పుడూ రాయలేదు,
అదీ నేను రాసింది కాదు.

"చుక్కలెన్ని?" అంది మేడం.
పడ్డప్పుడు లెక్కపెట్టలేదన్నాను.
ఆవిడ కళ్లజోడు పైకి తోసి
రెండున్నర వేసుకుంది.