అన్నిటికీ ఏడే

మురుగు తొట్టి మీద ఆవిరి.
నిన్న నీలం, ఇవాళ దానిమ్మ.
ఏ చొక్కాలు ఈ ఏడాది అమ్ముడవుతాయో
ఆవె నది నీళ్ళు చూసి చెప్పేదట మా అమ్మమ్మ.
ఆవె అంటే మా పోర్చుగీసులో పక్షి.
ఏ రంగు పక్షి అని బడిలో ఎవరూ అడగలేదు.

దియోలిండా మోకాళ్ళ మీద వంగి
కడ్డీని పైకి తీస్తుంది.
చివర బఠాణీ గింజంత గాజు బుడగ,
దాని మీద పిండీ రంగూ కలిసిన జిగురు.
"తుడవకు. అద్దు,
ఏడ్చిన పిల్ల కళ్ళు అద్దినట్టు."

మొదటి వారం నేను తుడిచాను,
చొక్కా అంచుతో, మెరిసేదాకా.
రుద్దుడుకి బెదిరిన గాజు
చాలాసేపు పిచ్చి అంకెలు వాగింది.
రెండో వారం ఇంకా శ్రద్ధ చూపించి
స్వేదనజలంలో నిలబెట్టి ఇంటికెళ్ళాను.
పొద్దున ఆమె అరవలేదు.
"స్వచ్ఛమైన నీళ్ళు దీని లోపలి ఉప్పు లాగేస్తాయి"
అని మాత్రం అని,
ఉప్పునీళ్ళ టోపీ తొడిగి
రోగి మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చుంది.

మూడు సీసాలు. పచ్చది ఏడు, ఎర్రది నాలుగు, నీలం పది.
ముందు ఏడు.
ఎప్పుడూ ముందు ఏడు.
మధ్యలో కడుగు. ఆగు. అంకె కుదురుకోనీ.
కుదురుకోకపోతే నిన్ను నువ్వు తిట్టుకో, దాన్ని కాదు.

మార్చిలో మూడు రోజులు
తెర మీద గీత గీసినట్టు నిలబడింది:
ఏడు. ఏడు. ఏడు.
సూపర్‌వైజర్ ఎర్మీనియో ఆ కాగితం అచ్చు తీయించి
గోడకి గుచ్చాడు, పెళ్ళిఫోటోలా.
ఆ ఏడుని నమ్మి ఆసిడ్ పంపు హాయిగా నిద్రపోయింది.

దియోలిండాకి మాత్రం నిద్ర లేదు.
"బతికున్నదైతే కాస్తయినా వణకాలి కదా."
కడ్డీ తీసి గాల్లో పట్టుకుంది. ఏడు.
ఎర్రసీసాలో ఏడు.
నీలంసీసాలో ఏడు.
దీపం కింద తిప్పి చూస్తే
బుడగ మీద వెంట్రుకంత బీట.

అద్దం అబద్ధం చెప్పదంటారు.
పగిలితే చెబుతుంది,
అదీ అందరికీ నచ్చేలా.

కొత్త కడ్డీ దింపాం.
పది పాయింట్ తొమ్మిది.
పంపు ఉలిక్కిపడి లేచింది.
మూడు రోజుల నీళ్ళు అప్పటికే
వంతెన దాటి, గొర్రెలు తాగే వంపు దాటి
ఎక్కడో ఉన్నాయి.

"పుస్తకంలో ఏడనే రాయి," అన్నాడు ఎర్మీనియో,
"మీటరు చెప్పిందేగా రాస్తున్నాం."
దియోలిండా వాదించలేదు.
పగిలిన కడ్డీ వైరు మళ్ళీ తగిలించి
అతని కాఫీ కప్పులో ముంచింది.
ఏడు.
అతను తెరనీ కప్పునీ మార్చి మార్చి చూశాడు.

ఆమె పుస్తకంలో సిరాతో రాసింది:
మంగళ, బుధ, గురు — తెలియదు.
కింద సంతకం, పూర్తి పేరుతో.

ఎర్మీనియో గోడ మీది కాగితం పీకలేదు,
పెట్టమనీ అనలేదు.
కాఫీని తీసుకెళ్ళి తొట్టిలో పారబోశాడు.
తెర మీద
పది పాయింట్ తొమ్మిది
పది పాయింట్ ఎనిమిది అయింది.
పంపు పని అయ్యుంటుంది.
కాఫీ వల్లేనని
నేను ఇంట్లో చెప్పాను.